చేతులెత్తినవాళ్లే చేతులు దించేస్తారు

ప్రశ్న: 2019లో మా ఉమ్మడి విజయనగరం జిల్లాలో తొమ్మిదికి తొమ్మిది సీట్లూ ఒకే పార్టీకి పోయాయి, 2024లో తొమ్మిదీ అటు కూటమికి పోయాయి. ఓడినవాళ్లకు ఓట్లు లేకనా అంటే, రెండుసార్లూ రాష్ట్రంలో 39 శాతం ఉన్నాయి. ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లకే సీటనే ఈ పద్ధతి మారుద్దామా అని కొన్ని దేశాల్లో జనాన్నే అడిగితే జనమే వద్దన్నారట. ఎందుకండీ అలా? (ఓ పాఠకుడు, బొబ్బిలి)

జవాబు: మీ బాధ న్యాయమైనదేనండి. 39 శాతం ఓట్లకు 175లో 2019లో 23 సీట్లొచ్చాయి, 2024లో అంతే ఓట్లకు 11. ఇక జనం ఎందుకు వద్దంటారో నాకు అర్థమైంది పుస్తకాల్లో కాదు, మా ఊళ్లో.

మాది వంశధార ఎడమ కాలువ శివారు. ఉభాల టైముకి మా మళ్లకు నీరందదు, ఏటా గొడవే. ఓ ఏడు రావిచెట్టు కింద కూర్చుని నీటి వంతులు మార్చాలా వద్దా అంటే అందరూ చేతులెత్తారు. సరే, ఇదీ కొత్త వంతు అని కాగితం చదివేసరికి, నాకు రాత్రి వంతు పడిందేంటి, మా మడి ముందుండగా వాళ్లకెందుకు ముందు అంటూ ఒక్కొక్కరే చేతులు దించేశారు. పాతది బాగోలేదన్న మాట మీద ఊరంతా ఒకటే, కొత్తది ఏదన్న దగ్గరే విడిపోయాం.

ఓటింగ్ పద్ధతి మీద ప్రజాభిప్రాయ సేకరణ కూడా అంతే. కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం ఉంది. అక్కడ 2001లో 58 శాతం లోపు ఓట్లకే ఒక పార్టీకి 79 సీట్లలో 77 వచ్చాయి. పద్ధతి మార్చాలన్న పట్టుదలతో మామూలు జనంలోంచి 160 మందిని లాటరీ తీసి కూర్చోబెట్టారు, నెలల తరబడి చదివి, ఊరూరా జనం మాట విని, అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస నెంబర్లు వేసే ఒక దామాషా పద్ధతిని, అంటే ఓట్ల వాటాకు తగ్గట్టు సీట్లొచ్చేదాన్ని, వాళ్లు సూచించారు. 2005లో 57.69 శాతం మంది సరేనన్నారు. కానీ ప్రభుత్వం ముందే 60 శాతం రావాలని గీత గీసింది, పోయింది! అదే రోజు జరిగిన ఎన్నికలో సీట్లు 46, 33గా వచ్చాయి, 2001 నాటి కోపం చల్లారింది. 2009లో మళ్లీ అడిగితే సరేనన్నది 39 శాతమే.

న్యూజిలాండ్‌లో మార్పు ఎలా గెలిచిందంటే, ప్రశ్నను రెండు ముక్కలు చేశారు. 1992లో ముందు మార్చాలా అని అడిగారు, ఓటేసినవాళ్లలో దాదాపు 85 శాతం మార్చాలన్నారు. ఏ పద్ధతి కావాలో అప్పుడే ఎంచుకోమన్నారు. మరుసటేడు ఆ ఎంచుకున్నదాన్ని పాతదాని ఎదురుగా నిలబెడితే 53.9కి పడిపోయింది (మా రావిచెట్టు కింద చేతుల్లాగే). అక్కడ సగం దాటితే చాలు కాబట్టి నెగ్గింది. 53.9తో ఒకచోట గెలుపు, 57.69తో ఇంకోచోట ఓటమి. గీత ఎక్కడ గీయాలో నిర్ణయించేది పాత పద్ధతిలో గెలిచి కూర్చున్నవాళ్లే, నాకు మండేది అక్కడే.

బ్రిటన్‌లో 2011లో అడిగినప్పుడు ఇంకో చిక్కు. బ్యాలెట్ మీదున్న పద్ధతి అడిగినవాళ్లకే పూర్తిగా ఇష్టం లేదు. అప్పటి పొత్తు ప్రభుత్వంలో చిన్న పార్టీ అయిన లిబరల్ డెమోక్రాట్లకు కావలసింది దామాషా, పొత్తులో దక్కింది దామాషా కాని వేరొకటి. దాన్ని వాళ్ల నాయకుడు నిక్ క్లెగ్ అంతకు ఏడాది ముందే నాసిరకం రాజీ అని తీసిపారేశారు. మార్పు వద్దన్నవాళ్లు ఖర్చు భయం పెట్టారు, ఆ డబ్బు కొత్త ఓటింగ్ పద్ధతికి కాదు పసిబిడ్డల వైద్యానికి కావాలంటూ ఇంక్యుబేటర్‌లో పసిబిడ్డ ఫొటోతో పోస్టర్లు వేసి మరీ. 68 శాతం వద్దన్నారు. అర్థం కాని కాగితం చేతికొస్తే ఎవరైనా ఉన్నదే ఉండనీ అంటారు, అది జనం తప్పు కాదు. ఐర్లాండ్‌లో ఉన్నదే దామాషా, అక్కడ అధికార పార్టీ 1959లో, 1968లో దాన్ని తీసేద్దామంటే రెండుసార్లూ జనం ఒప్పుకోలేదు.

మన దగ్గర ఇలా దేశమంతా ఓటేసి తేల్చే ఏర్పాటు లేదు. లా కమిషన్ 1999లో ఇచ్చిన 170వ నివేదికలో, ఇప్పుడున్న సీట్లు అలాగే ఉంచి, పైన కొన్ని సీట్లు పార్టీల ఓట్ల శాతాన్ని బట్టి పంచమంది. ఉన్నదేదీ లాక్కోకుండా కలిపే పద్ధతి కాబట్టి నాకు అది నచ్చింది. మా ఊళ్లో కూడా చివరికి ఒక్క ఖరీఫ్ చూద్దాం, నచ్చకపోతే పాత వంతే అన్నాక ఒప్పుకున్నారు. న్యూజిలాండ్‌లో కొత్త పద్ధతితో పదిహేనేళ్లు బతికాక 2011లో మళ్లీ అడిగితే, 57.8 శాతం మంది దాన్నే ఉంచమన్నారు.