షవర్ కట్టేసినా చుక్కలు పడుతుంటే టైల్స్ మీద సుత్తి వేయనివ్వకండి

"షవర్ కట్టేసినా రాత్రంతా చుక్కలు పడుతూనే ఉన్నాయి. ప్లంబరు ఒకసారి షవర్ మార్చాలంటాడు, ఇంకోసారి గోడ పగలగొట్టి చూడాలంటాడు. ఏది నమ్మాలి?" అని మీరు అడిగారు. నిరుడు వేసవిలో మూడు వారాల పాటు ఇదే బాధ పడ్డవాణ్ణి కనుక చెబుతున్నాను: ఆ రెండింటిలో ఏదీ నమ్మనక్కర లేదు.

షవర్‌లో నీటిని ఆపే భాగమంటూ ఏదీ లేదు. అది ఒక జల్లెడ మాత్రమే. నీటిని ఆపేది దాని కింద గోడకు బిగించిన, చల్లనీళ్ళనూ వేణ్ణీళ్ళనూ కలిపే మిక్సరు కుళాయిలో, పిడి వెనకాల ఉండే స్పిండిల్. స్పిండిల్ సరిగా మూసుకోకపోతే ఎంత ఖరీదైన షవర్ తెచ్చి పెట్టినా చుక్కలు పడుతూనే ఉంటాయి. కట్టేసిన తరువాత అయిదు పది నిమిషాలు చుక్కలు పడి ఆగిపోతే అది లీకే కాదు, పైపు వంపులోనూ షవర్ లోపలా నిలిచిన నీరు దిగిపోవడం. వెడల్పాటి షవర్లకు ఇది ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది. అరగంట దాటినా ఆగకపోతేనే తప్పు స్పిండిల్‌దని అనుకోవాలి.

మా ఇల్లు హైదరాబాదు నిజాంపేటలో, అయిదంతస్తుల అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంది. ఉగాదికి ముందు మేడ మీది నీళ్ళ ట్యాంకు కడిగించారు. తరువాత వారం రోజులకు మా షవర్ కారడం మొదలైంది. రాత్రి పదింటికి బకెట్ పెట్టి, ఉదయం ఆరింటికి చెంబుతో కొలిస్తే ఏడు లీటర్లు ఉన్నాయి. రోజుకు ఇరవై లీటర్ల పైమాటే. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే మా వీధిలో అది చిన్న నష్టం కాదు. అయినా, తీరిక దొరికినప్పుడు చూద్దామని వదిలేశాను. నేను చేసిన పొరపాటు అదే.

పది రోజులు గడిచాక రెండో అంతస్తులో ఉండే మామ్మగారు మనవణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. "నాయనా, మా స్నానాలగది పైకప్పు చెమ్మెక్కింది, సున్నం పెచ్చులూడుతోంది, ఒకసారి వచ్చి చూడు" అన్నారు. వెళ్ళి చూస్తే, మా షవర్ ఉన్న మూలకు సరిగ్గా కింద, అన్నం పళ్ళెమంత మేర గోధుమరంగు మరక కట్టి ఉంది. ఆ సాయంత్రమే ప్లంబరును పిలిచాను. అతను టైల్స్ మీద స్పానరుతో రెండు దెబ్బలు కొట్టి విని, "లోపల పైపు పోయింది సార్, గోడ తీయాలి, నేలంతా వాటర్‌ప్రూఫింగ్ చేయాలి, 28 వేలవుతుంది" అన్నాడు. ఏ పైపు పోయింది, చల్లనీళ్ళదా వేణ్ణీళ్ళదా అని అడిగితే, "పగలగొడితే తెలుస్తుంది" అన్నాడు. వైద్యుడెవరైనా కడుపు కోశాక జబ్బేమిటో చెబుతానంటే మనం ఊరుకుంటామా? ఇంటి విషయంలో మాత్రం ఎందుకు ఊరుకోవాలి?

పైపు పగిలిందో లేదో గోడ ముట్టుకోకుండా తెలుసుకోవచ్చు. ట్యాంకు నుంచి మిక్సరు దాకా వచ్చే పైపుల్లో రాత్రింబవళ్ళు నీటి ఒత్తిడి ఉంటుంది. పది మీటర్ల ఎత్తున నీరు నిలిస్తే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి పడుతుంది. మా షవర్‌కూ మేడ మీది ట్యాంకుకూ మధ్య ఎత్తు దాదాపు అంతే. అటువంటి పైపుకు చిల్లు పడితే మనం స్నానం చేసినా చేయకపోయినా నీరు ఊరుతూనే ఉంటుంది, కింది మరక పెరుగుతూనే ఉంటుంది. మిక్సరు నుంచి షవర్‌కు ఎక్కే పైపులోనైతే షవర్ విప్పినప్పుడే ఒత్తిడి పడుతుంది. నేల సందుల్లో నుంచి దిగే నీరు నేల తడిసినప్పుడే దిగుతుంది. మూడూ కారే వేళలు వేరు. ఆ తేడాను పట్టుకుంటే చాలు.

మామ్మగారి అనుమతి తీసుకుని, స్టూలెక్కి ఆ మరక అంచు వెంట పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేశాను. మూడు రోజులు ఆ స్నానాలగదిని వాడడం మానేశాము. షవర్ కింద మాత్రం బకెట్ పెట్టి, చుక్క కూడా నేల మీద పడకుండా చూశాము. పైపుల్లో నీళ్ళు ఎప్పటిలాగే నిండుగా ఉన్నాయి. మూడో రోజుకు గీత దాటడం అటుంచి, మరక అంచు ఆరి తెల్లబడింది. గోడలోకి వచ్చే పైపులకు ఏమీ కాలేదని దీనితో తేలిపోయింది. నాలుగో రోజు పెద్ద పాలిథిన్ సంచి అడుగు కోసి, గొట్టంలా షవర్‌కు కట్టి, పడిన నీళ్ళన్నీ బకెట్లలోకి పట్టాము. మరక కదలలేదు, అంటే షవర్‌కు ఎక్కే పైపు కూడా బాగానే ఉంది. అయిదో రోజు రెండు బకెట్ల నీళ్ళు నేరుగా నహానీ ట్రాప్‌లో, అంటే నేల మీది నీళ్ళు బయటికి పోయే జాలీ గుంటలో, పోశాము. అప్పుడూ కదలలేదు. ఆరో రోజు షవర్ కింది మూలలో, నేలకూ గోడకూ మధ్య సందు వెంట చెంబుతో నెమ్మదిగా నీళ్ళు పోసి గంటసేపు నిలవనిచ్చాను. మరునాటి ఉదయం నేను దిగేసరికే మామ్మగారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. మరక పెన్సిలు గీతను రెండు వేళ్ళ మేర దాటింది.

తరువాత టార్చిలైటుతో ఆ సందును చూస్తే అర్థమైంది. తెల్ల సిమెంటుతో పూడ్చిన గీత, జానెడు పొడవున కొట్టుకుపోయి, కింద నల్లటి గాడి కనబడుతోంది. ఆ గాడి ఎన్నాళ్ళ నుంచి ఉందో కానీ, స్నానం తరువాత నేల ఆరిపోతుంది కనుక కిందికి దిగింది తక్కువ. షవర్ కారడం మొదలయ్యాక ఆ మూల ఆరడమే మానేసింది. చుక్కలను పది రోజులు నిర్లక్ష్యం చేసిన ఫలితం మామ్మగారి పైకప్పు మీద కనబడింది. ఈ రెంటికీ సంబంధం లేదని ఎవరన్నా నేను ఒప్పుకోను. పాత హాక్సా బ్లేడుతో ఆ సందును గీకి, రెండు రోజులు ఆరనిచ్చి, టైల్స్ మేస్త్రి చేత ఎపాక్సీ గ్రౌట్ (టైల్స్ సందులు పూడ్చే, నీరు దిగని ముద్ద) పెట్టించాను. 24 గంటలు తడి తగలనివ్వలేదు. అతనికి ఇచ్చింది 1,800 రూపాయలు.

ఇక మీరు అడిగిన చుక్కల సంగతి. వాల్ మిక్సరులో చల్లనీళ్ళకొకటి, వేణ్ణీళ్ళకొకటి రెండు స్పిండిళ్ళుంటాయి. ఏది కారుతోందో తెలుసుకోవడానికి గీజరు స్విచ్ ఆపేసి, గీజరులోకి నీళ్ళు వెళ్ళే పైపు మీది యాంగిల్ వాల్వును (గోడ దగ్గరి చిన్న కుళాయిని) కట్టేయండి. అరగంటలో చుక్కలు ఆగితే తప్పు వేణ్ణీళ్ళ వైపుది. ఆగకపోతే చల్లనీళ్ళ వైపుది. మాది చల్లనీళ్ళ వైపు. దాన్ని విప్పాలంటే మేడ మీద మా ఇంటికి వచ్చే గేట్ వాల్వు కట్టాలి. మేడ మీద వరసగా ఆరు వాల్వులున్నాయి, ఒక్కదాని మీదా ఇంటి నంబరు లేదు. ఒక్కొక్కటే కట్టి, కింద మా అబ్బాయి నీళ్ళు ఆగాయో లేదో ఫోనులో చెబుతుంటే, నాలుగోది మాదని తేలింది. ఇల్లు అమ్మేటప్పుడు చదరపు అడుగుల లెక్క అంత వివరంగా రాసి ఇచ్చే బిల్డర్లు, గోడల్లో ఏ పైపు ఎటు పోయిందో చూపించే కాగితం ఒక్కటి ఎందుకు ఇవ్వరో నాకు బొత్తిగా అర్థం కాదు. కొనే మనమూ అడగడం లేదు. ఆ రోజే ఎర్ర రంగు తెచ్చి ఆరు వాల్వుల మీదా నంబర్లు రాశాను.

పిడి మధ్య ఉన్న మూతను సన్నని స్క్రూడ్రైవరుతో లేపితే అడుగున స్క్రూ కనబడుతుంది. పిడి తీసి, స్పిండిల్‌ను స్పానరుతో ఎడమకు తిప్పితే ఊడి వస్తుంది. మాది సిరామిక్ డిస్కుల రకం. రెండు తెల్లని బిళ్ళలు అద్దాల్లా నునుపుగా ఒకదాని మీద ఒకటి తిరుగుతాయి, వాటిలోని రంధ్రాలు కలిస్తే నీరు వస్తుంది, తప్పుకుంటే ఆగుతుంది. పై బిళ్ళను తీసి వెలుగులో పట్టుకుంటే, వెంట్రుకంత సన్నని గీత అంచు దాకా పోయి ఉంది. గోటితో రాస్తే తగిలింది. రబ్బరు రింగులో ఆవగింజలో నాలుగో వంతు ఇసుక రేణువు ఇరుక్కుని ఉంది. ట్యాంకు కడిగినప్పుడు అడుగు మడ్డి పైపుల్లోకి దిగిందని నాకు ఏ మాత్రం సందేహం లేదు. ట్యాంకు కడిగిన రోజున షవర్, మిక్సరు ముట్టుకోకుండా, ముందు బకెట్ నింపుకునే కుళాయిని అయిదు నిమిషాలు విప్పి వదలాలి. ఈ మాట ఇప్పుడు మా భవనంలో అందరికీ చెబుతున్నాను.

పాత స్పిండిల్‌ను కొట్టుకు తీసుకువెళ్ళి, పొడవూ, మరలూ, పిడి కూర్చునే పళ్ళ లెక్కా సరిచూసుకుని కొత్తది కొనండి. పేరు చెప్పి కొంటే పొరపాటు జరగవచ్చు. కొన్ని మిక్సర్లలో చల్లనీళ్ళ స్పిండిలూ వేణ్ణీళ్ళ స్పిండిలూ ఎదురెదురు దిక్కులకు తిరుగుతాయి, ఆ తేడా కూడా చూసుకోవాలి. నాకు 350 రూపాయలైంది. మీది పాత రకమై, నాలుగైదు చుట్లు తిప్పి కట్టేదైతే, లోపల రబ్బరు వాషరు నలిగి ఉంటుంది, అది మారిస్తే చాలు. చుక్కలు పడుతున్నాయని పిడిని బలంగా బిగించకండి. రబ్బరు వాషరు ఇంకా నలుగుతుంది, సిరామిక్ అయితే పగులుతుంది.

మిక్సర్లు త్వరగా పాడవడానికి మా బోరు నీళ్ళు కూడా ఒక కారణం. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే నీరు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటారు. మా బోరు నీటిని పరీక్షిస్తే 740 వచ్చింది. షవర్ రంధ్రాల్లో తెల్లటి సున్నపు పొర పేరుకుంటే ధారలు పక్కలకు చిమ్ముతాయి, దాన్ని కూడా లీకు అని పొరబడతారు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పును (సిట్రిక్ యాసిడ్) వేడినీళ్ళలో కలిపి పాలిథిన్ సంచిలో పోసి, ఆ సంచిని షవర్‌కు కట్టి రెండు గంటలు ఉంచితే ఆ పొర విడిపోతుంది. బాత్రూం యాసిడ్ మాత్రం వద్దు, మెరుగు లేచిపోయి ఇత్తడి బయటపడుతుంది.

కొత్తగా ఇల్లు కట్టుకునేవారు గోడలోపల దాచే డైవర్టర్లు (నీటిని షవర్‌కో కుళాయికో మళ్ళించే మిక్సర్లు) పెట్టించుకోవద్దని ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. చూడడానికి అందంగానే ఉంటాయి, కానీ ఆ నమూనా విడిభాగాలు పదేళ్ళ తరువాత దొరకకపోతే టైల్స్ పగలగొట్టక తప్పదు. బయటికి కనబడే వాల్ మిక్సరును మాత్రం రెండు నట్లు విప్పి ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

మీరు ప్లంబరుకు ఫోను చేయడం రేపటికి ఆపండి. ఈ రాత్రి గీజరు స్విచ్ ఆపి, దాని కింది యాంగిల్ వాల్వును కట్టేసి, అరగంట ఆగి షవర్ కింద ఖాళీ బకెట్ పెట్టి పడుకోండి. ఉదయం బకెట్లో నీళ్ళుంటే చల్లనీళ్ళ స్పిండిల్ విప్పండి, లేకపోతే వేణ్ణీళ్ళది. మిక్సరు ఫోటో పెడితే మూత ఎక్కడ లేపాలో చెబుతాను.