38 ఏళ్లకు గిటార్ మొదలుపెడితే నిజంగా వస్తుందా?

మూడు నెలలుగా వాయిస్తున్నా ఎఫ్ కార్డ్ (F chord, కొన్ని తీగల్ని ఒకేసారి నొక్కి మోగించే స్వరాల గుంపు) పలకడం లేదు, ఈ వయసులో ఇక రాదేమో, ఓపిక అయిపోతోంది అన్నారు. వయసు సంగతి తర్వాత, ముందు మీ గిటార్‌ని అనుమానించండి.

ఒక స్కేలు తీసుకుని 12వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దగ్గర లావు తీగ దానికి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. అకూస్టిక్‌కి 2.5 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. చౌక గిటార్లలో చాలావాటికి అంతకన్నా బాగా ఎక్కువే ఉంటుంది, వాటి మీద ఎఫ్ పట్టాలంటే చేయి తిరిగినవాళ్లకే తలప్రాణం తోకకొస్తుంది. నాదీ అలాంటిదే. రిపేరు చేసే ఆయన తీగల ఎత్తు తగ్గేలా మెడలోని రాడ్డును అలెన్ కీతో పిసరంత తిప్పి, బ్రిడ్జి మీది తెల్ల పట్టీని ఊడదీసి దాని అడుగుభాగాన్ని గరుకు కాగితం మీద అరగదీసి, 10 నంబరు సన్న తీగలు వేసిచ్చాడు. నాకు అప్పటిదాకా లేని ఓపిక ఆ సాయంత్రమే వచ్చేసింది!

ఇక ఎఫ్ విషయం. చూపుడు వేలు ఆరు తీగల మీదా పడుకున్నా, అది నిజంగా పలికించాల్సినవి మూడే, పై లావుది, కింది సన్నవి రెండు. మధ్య మూడింటిని మిగతా వేళ్లు చూసుకుంటాయి. కాబట్టి బలమంతా పెట్టి నొక్కకుండా, వేలిని కాస్త పక్కకు ఒరిగించి ఎముక అంచుతో పట్టండి. మొదటి ఫ్రెట్ దగ్గర తీగ బిర్రుగా ఉంటుంది గనక అక్కడ మొదలుపెట్టొద్దు. అదే ఆకారాన్ని ఐదో ఫ్రెట్ దగ్గర పడితే 'ఎ' (A) కార్డ్ అవుతుంది, అక్కడ తేలిక. అది శుభ్రంగా మోగాక ఒక్కో ఫ్రెట్టే వెనక్కి రండి.

పిల్లలకు తొందరగా వస్తుందంటారు గానీ, నాకు తోచింది వేరు. వాళ్లకు తాము ఎలా వాయిస్తున్నామన్న దిగులు ఉండదు, మన చెవులేమో ఇన్నేళ్లు మంచి వాద్యం విని విని ఉన్నాయి, అందుకే మన చేతి మోత ముందు మనకే విసుగు. (మా ఇంట్లోవాళ్లకు ఆ తర్వాత.) అందుకని ఆఫీసు నుంచి వచ్చి మొత్తం పాట ఎత్తుకోకండి. ఫోన్లో నిమిషం టైమర్ పెట్టి జి కార్డ్ నుంచి సి కార్డ్‌కి ఎన్నిసార్లు మారగలిగారో క్యాలెండర్ మీద రాసుకోండి, చెవికి తెలియని ఎదుగుదల ఆ అంకెలో కనిపిస్తుంది. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కన్నా రోజూ పావుగంట నయం, దానికి గిటార్ సంచిలో, అటక మీద కాకుండా చేతికి అందేచోట ఉండాలి.

వేలి కొసల మంట మామూలే, కొన్ని వారాల్లో గట్టిపడతాయి. మణికట్టు లాగుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా మాత్రం ఆ పూటకు ఆపేయండి, తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి.