అమ్ములూ, మళ్లీ స్టీరింగ్ పట్టేముందు ఇది చదువు

అమ్ములూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అది డ్రైవింగ్ టెస్టులో ఫెయిలైంది అక్కా, అయినా మళ్లీ నేర్చుకుంటానని కూర్చుంది, నీ మాటైతే వింటుంది, వద్దని చెప్పు" అంది. సరే మాట్లాడతానన్నాను. వద్దని చెప్తానని మాత్రం అనలేదు. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. నువ్వు మళ్లీ వెళ్తున్నావని తెలిసి గుండె నిండిపోయింది, భీమిలిలో నైట్ డ్యూటీ దిగి తెల్లారకుండా ఒక్కదానివే బీచ్ రోడ్డులో వస్తావని తలుచుకుంటే అదే గుండె దడదడలాడింది.

ముందు టెస్టు సంగతి. ఎత్తు మీద బండి ఆపి మళ్లీ ఎక్కించమంటే వెనక్కి జారిందట, కంగారులో క్లచ్ వదిలేస్తే ఇంజిన్ ఆగిపోయిందట. దానికి రెండు రోజులు అన్నం మానేస్తారా? ఏడు రోజులు ఆగితే మళ్లీ టెస్టుకి వెళ్లొచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం అరవై రోజులు ఆగాలి, కాబట్టి తొందరపడి వెళ్లకు, చెయ్యి కుదిరాకే వెళ్లు. ఎల్‌ఎల్‌ఆర్, అదే నీ లెర్నర్ లైసెన్స్, ఆరు నెలలే ఉంటుంది, తేదీ ఒకసారి చూసుకో.

నువ్వెందుకు తప్పావో నాకు తెలుసు. డ్రైవింగ్ స్కూల్ కారులో మాస్టారి వైపు కూడా క్లచ్చూ బ్రేకూ ఉంటాయి. ఇరవై రోజులూ నువ్వే నడిపాననుకున్నావు గాని, ఎత్తులోనూ ట్రాఫిక్‌లోనూ సగం ఆయన కాలే నడిపింది. అది ఆయన తప్పని అనను, పక్కన కూర్చున్నవాళ్లకి కాలు ఆగదు. నీ కాలికి మాత్రం హాఫ్ క్లచ్, అంటే క్లచ్ సగం వదిలితే ఇంజిన్ చక్రాలని పట్టుకునే చోటు, తెలియలేదు. కాబట్టి మీ నాన్న కారులో నేర్చుకో, ఎల్ బోర్డులు ముందూ వెనకా పెట్టి, లైసెన్స్ ఉన్నవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని. నాన్నకి కుదరకపోతే నేనున్నాను. ముందు సమంగా ఉన్న చోట యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ ఒక్కటే మెల్లగా వదులుతూ బండిని కదిలించు, ఒకటి కాదు వందసార్లు. బండి సన్నగా వణుకుతుంది, ముందు భాగం కొంచెం లేచినట్టుంటుంది. ఆ చోటు నీ అరికాలికి తెలియాలి. తెలిశాక ఎత్తులో హ్యాండ్ బ్రేక్ వేసుకుని, ఆ వణుకు వచ్చేదాకా క్లచ్ వదిలి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించు. జారదు. మన ఊళ్లో ఇది రాకుండా బండి తీయకూడదు. హనుమంతవాక దాటి ఎండాడ వైపు వెళ్లినా, కైలాసగిరి ఎక్కినా, మన వీధి మలుపు తిరిగినా ఎత్తే కదా.

సీటు ముందుకి జరుపుకో, మందం అడుగున్న చెప్పులు వద్దు, బెల్టు పెట్టుకో. అవి నీకు తెలుసు.

ఇక అసలు సంగతి. మీ అమ్మ ఎడమ కనుబొమ్మ పైన ఉన్న మచ్చ బాత్రూమ్‌లో జారిపడి వచ్చిందని నీకు చెప్పి ఉంటుంది. కాదు. అది నా వల్ల వచ్చింది.

నీకు పదకొండో నెల. సింహాచలంలో నీ పుట్టువెంట్రుకలు తీయించాం. అప్పన్న దర్శనం అయింది, పులిహోర ప్రసాదం తిన్నాం, బోడిగుండుకి గంధం రాయించుకుని నువ్వు మీ అమ్మ ఒళ్లో నిద్రపోయావు. ముందు సీట్లో, బెల్టు లేకుండా, ఒళ్లో పిల్లతో. అప్పట్లో అందరం అలాగే కూర్చునేవాళ్లం, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. అమ్మమ్మా, మీ నాన్నా వెనక. నాది పాత మారుతీ ఎనిమిది వందలు, లైసెన్స్ వచ్చి నాలుగు నెలలు. కొండ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేస్తే పెట్రోలు మిగులుతుందని ఆఫీసులో ఎవరో అన్నారు. ఘాట్ రోడ్డు మొదట్లోనే న్యూట్రల్‌లో వేశాను. మొదటి రెండు మలుపులు హాయిగా దిగాం, బండి చప్పుడు కూడా లేదు, భలే తోలుతున్నావని మీ అమ్మ మెచ్చుకుంది కూడా. తర్వాత ప్రతి మలుపుకీ బ్రేకు మీద కాలు పెట్టడమే, తీయడం లేదు. ఏదో మాడిన వాసన వచ్చింది, బయటి నుంచి అనుకున్నాను. ఆ తర్వాత మలుపులో బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా లోపలికి వెళ్లిపోయింది, బండి ఆగలేదు. గేరు వెయ్యబోతే కరకరలాడింది గాని పడలేదు. ఎడమ పక్క కొండరాయి, కుడి పక్క లోయ. హ్యాండ్ బ్రేక్ లాగుతూ బండిని కొండ వైపు కాలవలోకి దించేశాను. ఎడమ తలుపు పొడుగునా రాయి గీసుకుంటూ వెళ్లిన ఆ చప్పుడు ఇప్పటికీ మర్చిపోలేదు. మీ అమ్మ నిన్ను పొట్టకి హత్తుకుని ముందుకి వంగిపోయింది, నుదురు డాష్‌బోర్డుకి కొట్టుకుంది. నాలుగు కుట్లు. నీకు గీత పడలేదు. నిద్రలేచి ఏడ్చావు, అంతే.

అందరూ ఏమైందని అడిగితే, బ్రేకులు ఫెయిలయ్యాయని చెప్పాను. మీ అమ్మకీ అదే చెప్పాను. న్యూట్రల్ సంగతి ఈ రోజు వరకు ఎవరికీ చెప్పలేదు. బ్రేకులు వాటంతటవి ఫెయిలవలేదమ్మా, నేను కాల్చేశాను. గేరులో ఉంటే ఇంజిన్ చక్రాలని పట్టుకుని ఉంచుతుంది, న్యూట్రల్‌లో బండి బరువంతా బ్రేకుల మీదే పడి అవి వేడెక్కిపోతాయి. ఏ గేరులో కొండ ఎక్కామో ఆ గేరులోనే దిగాలి, రెండోదో మూడోదో. బ్రేకు అవసరమైనప్పుడు గట్టిగా తొక్కి వదిలెయ్యాలి గాని కాలు దాని మీదే ఉంచకూడదు. పెట్రోలు కోసం కొండ మీద ఇంజిన్ ఆపేసేవాళ్లూ ఉన్నారు, ఆపేస్తే రెండు మూడు తొక్కుళ్లకే బ్రేకు రాయిలా బిగుసుకుపోతుంది. ఎవరు చెప్పినా ఆ పని చెయ్యకు. అరకు వెళ్లినా, మన సింహాచలమే వెళ్లినా.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ రోజు నుంచి మీ అమ్మ ముందు సీట్లో కూర్చోలేదు. కారంటే ఉన్నట్టుండి దానంతటదే చెడిపోయి మనుషుల్ని లోయలోకి తోసేసే వస్తువని నమ్మింది. అలా నమ్మేలా చేసింది నా అబద్ధం. ఇప్పుడు నిన్ను ఆపుతున్నది ఆ భయమే. తన మీద కోపం తెచ్చుకోకు, విసుక్కోకు. నిన్ను కాపాడడానికి తల అడ్డం పెట్టిన మనిషి.

ఇంకొకటి, ఇది నా భయం అనుకో, గట్టిగా పట్టుకో. కాన్వెంట్ జంక్షన్ వైపు పోర్టు ట్రైలర్ల పక్కన ఎప్పుడూ ఆగకు. డ్రైవర్ మొహం అతని అద్దంలో నీకు కనపడకపోతే నువ్వు అతనికి కనపడనట్టే. ఎడమ పక్కనుంచి దూరితే అది తిరిగేటప్పుడు వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి. హారన్ కొట్టనీ, తిట్టనీ, నువ్వు వెనకే ఉండు. డ్యూటీ దిగి కళ్లు మూతలు పడుతుంటే హాస్పిటల్లోనే గంట పడుకుని బయల్దేరు, లేదా నాకు ఫోన్ చెయ్యి, ఏ టైమైనా వస్తాను.

ఆదివారం పొద్దున్నే ఐదున్నరకి మీ ఇంటికి వస్తాను. టైర్లలో గాలి చూసి ఉంచు, ఎల్ బోర్డులు అతికించు. నువ్వు రెడీ అయ్యేలోపు మీ అమ్మకి సింహాచలం సంగతి నేనే చెప్తాను, నువ్వు ముందే చెప్పకు. తిడుతుంది, తిట్టనీ. వస్తానంటే వెనక సీట్లో కూర్చోబెట్టుకుందాం. రానంటే గేటు దగ్గర నిలబడి చూస్తుంది, అప్పుడు మొదటి గేరులో మెల్లగా తియ్యి.

మీ పెద్దమ్మ