నూనె గుణం చూసి స్లడ్జ్‌ను అంచనా వేయొచ్చా?

ప్రశ్న: మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో మిగిలే బురదను, అంటే స్లడ్జ్‌ను, పొలాలకు ఎరువుగా వాడతారని చదివాను. మనం మింగే మందులు అందులో ఎంత చేరతాయో పరీక్ష చేయకుండానే చెప్పొచ్చా? మందుకు నూనెలో కరిగే గుణం ఎంతుందో చూస్తే చాలని నా మిత్రుడు అంటున్నాడు.

జవాబు: అంచనా కట్టొచ్చు. కానీ మీ మిత్రుడి దారిన వెళ్తే బోల్తా పడతారు. నా ఉద్యోగమే స్లడ్జ్ శాంపిళ్లు ఎండబెట్టి, మందులను వేరుచేసి కొలవడం కాబట్టి ఇంత ధీమాగా చెబుతున్నాను.

ముందు ఎంత మందు వాడుతున్నారు, అందులో ఎంత ఒంట్లో అరగకుండా బయటికొస్తుందో చూడాలి. షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ ఒంట్లో మారనే మారదు. మూర్ఛకు ఇచ్చే కార్బమజెపైన్ మాత్రం మూత్రంలో 2–3 శాతమే అలాగే వస్తుంది. అయితే కాలేయం మరో అణువును తగిలించి పంపేసిన మందును కూడా మురుగులోని బ్యాక్టీరియా విడదీసి, మళ్లీ అసలు రూపానికి తెస్తాయి. అందుకే కేంద్రంలోకి వచ్చిన నీటిలోకన్నా బయటికెళ్లే నీటిలోనే కార్బమజెపైన్ ఎక్కువ కనిపించడం మామూలే. కొత్తగా చేరినవాళ్లు మెషిన్ పాడైందని టెన్షన్ పడతారు.

అసలు చిక్కు ఆ తర్వాతే. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌కు నూనె గుణం చాలా తక్కువ. మీ మిత్రుడి లెక్కన అది నీటితోపాటే పోవాలి. నిజానికి చాలావరకు స్లడ్జ్‌లోనే దిగబడుతుంది. పీహెచ్ 7 దగ్గర, అంటే ఆమ్లమూ క్షారమూ కాని నీటిలో, దాని అణువుకు ఒకవైపు ధనావేశం, మరోవైపు రుణావేశం ఉంటాయి. ధనావేశపు కొస రుణావేశమున్న స్లడ్జ్‌ను పట్టుకుంటుంది, రెండో కొసను కాల్షియం, మెగ్నీషియం అయాన్లు కట్టేస్తాయి. కిలో ఎండు స్లడ్జ్‌లో ఉన్న మందుకూ లీటరు నీటిలో ఉన్నదానికీ నిష్పత్తి దీనికి 20,000 దాకా వస్తుంది. అంటే నీటిలో లీటరుకు 0.1 మైక్రోగ్రామే ఉన్నా, కిలో స్లడ్జ్‌లో 2 మిల్లీగ్రాములు! నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ కథ తిరగబడి ఉంటుంది. నూనె గుణం దండిగా ఉన్నా, నీటిలో రుణావేశం తెచ్చుకుని స్లడ్జ్‌కు దూరంగా ఉంటుంది.

స్లడ్జ్‌ను గాలి తగలని ట్యాంకులో కుళ్లబెట్టే దశనూ మరవకండి. సల్ఫామెథాక్సజోల్ అనే యాంటీబయాటిక్ అక్కడ చాలావరకు విరిగిపోతుంది. విరగని మందుల సంగతి వేరు. సేంద్రియ పదార్థంలో చెప్పుకోదగ్గ భాగం గ్యాస్‌గా పోతుంది కాబట్టి, మందు ఒక్క చుక్క పెరగకపోయినా కిలోకు లెక్క పెరుగుతుంది.

కాగితం మీది అంచనా అసలు విలువకు పదిరెట్లలోపు తేడాతో వస్తే నేనైతే సంతోషిస్తాను. ఏ మందులను ముందు పరీక్షించాలో తేల్చుకోవడానికి అది చాలు. పొలంలో వేయాలా వద్దా అనేది మాత్రం కొలిచాకే. రిపోర్టు చేతికొస్తే అంకెలకన్నా ముందు అది ఎండు బరువు లెక్కో, తడి బరువు లెక్కో చూడండి. నీళ్లు పిండిన స్లడ్జ్‌లోనూ ముప్పాతిక వంతు నీరే ఉంటుంది. తడి లెక్కన ఇస్తే మందు నాలుగో వంతే ఉన్నట్టు కనిపిస్తుంది.