అల్పాకాల మంద పెరుగుతోంది, పొదుపు తరుగుతోంది

ప్రశ్న: మా చిన్న పొలంలో ఆరేళ్లుగా అల్పాకాలు (ఉన్ని కోసం పెంచే, ఒంటె కుటుంబానికి చెందిన దక్షిణ అమెరికా జంతువులు) పెంచుతున్నాం. ఇప్పుడు మొత్తం 14 ఉన్నాయి: ఈనే ఆడవి ఆరు, మగవి ఐదు, ఏడాదిలోపు పిల్లలు మూడు. నేనూ మావారూ ఉద్యోగాలు చేస్తున్నాం. ఇద్దరి జీతాల్లో దాదాపు ఐదో వంతు మందకే ఖర్చవుతోంది. కిందటిసారి ప్రదర్శనలో మా ఏడాది వయసు పోతుకు మొదటి స్థానం రిబ్బన్ వచ్చింది. తెలిసిన పెంపకందారు ఒకరు మంచి వంశావళి ఉన్న రెండు ఆడవాటిని అమ్ముతామంటున్నారు. పదవీ విరమణ కోసం దాచిన సొమ్ములో సగం తీసి వాటిని కొనాలని, రెండేళ్లలో నేను ఉద్యోగం మానేసి మందనే చూసుకోవాలని ఆలోచన. మంద విలువ ఏటా పెరుగుతోంది కాబట్టి ఇదీ పెట్టుబడే అంటారు మావారు. మీరేమంటారు?

జవాబు: కొనవద్దండి. పదవీ విరమణ సొమ్ముతో అసలే వద్దు.

ఆ రెండు అల్పాకాల మీద నాకు ఫిర్యాదేమీ లేదు. చిక్కంతా మీరు ఉత్తరానికి జతచేసిన ఆస్తుల పట్టికలో ఉంది. అందులో ప్రతి పిల్లకూ దాని తల్లిని మీరు కొన్న ధరే వేశారు. ఇంకా పుట్టనివాటినీ వదల్లేదు. ఆలూ లేదు చూలూ లేదు అనే సామెత మీకు పూర్తిగా వర్తించదు, చూలు నిజంగానే ఉంది కదా. సోమలింగం పేరు మీద ఆస్తి రాసేయడమే తొందరపాటు. అదే పట్టిక ప్రకారం ఈ ఆరేళ్లలో మీరు అమ్మింది మూడింటిని. వాటిలో రెండు మగవి, పెంపుడు జంతువులుగా తక్కువ ధరకే పోయాయి. అంటే మంద విలువ పెరిగిందని అంటున్నది మీ కాగితమే. డబ్బిచ్చి కొన్నవాళ్లెవరూ ఆ మాట అనలేదు.

ఇక కాలం లెక్క చూద్దాం. అల్పాకా చూలు దాదాపు పదకొండున్నర నెలలు. ఈతకు ఒక్కటే పిల్ల, కవలలు చాలా అరుదు. పిల్ల పాలు మానడానికి మరో ఆరు నెలలు. ఇవాళ జత కట్టిస్తే అమ్మకానికి వీలైన పిల్ల చేతికొచ్చేది ఏడాదిన్నర తర్వాతే. ఆడపిల్ల పుడితే ఉంచుకుని దాని సంతానాన్ని అమ్ముదామంటారా? అది ఏడాదిన్నర వయసుకు, తగిన బరువుకు వచ్చాకే జత కట్టించాలి. దాని తొలి పిల్ల పాలు మానేసరికి మొత్తం నాలుగేళ్లు గడుస్తాయి. ఈలోగా మేత, టీకాలు, నట్టల మందులు, గోళ్లు కత్తిరించడం, ఏటా బొచ్చు కత్తిరించేవారి కూలి ఏ నెలా ఆగవు. పైగా పుట్టేవాటిలో సగం మగవి. కొత్తగా కొనే రెండూ తొలి ఈతలో మగపిల్లలనే ఇచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ సంగతి అమ్మేవాళ్ల కరపత్రాల్లో ఎందుకో కనిపించదు.

మగవాటిలో విత్తనానికి పనికొచ్చేవి ఏ కొద్దో. మిగతావీ 15 నుంచి 20 ఏళ్లు బతుకుతాయి, రోజూ తింటాయి. ఎదిగిన అల్పాకా రోజుకు తన బరువులో 1.5 నుంచి 2 శాతం దాకా పొడి మేత తింటుంది. పచ్చిక లేనప్పుడు మీ మందకు రోజుకు సుమారు 15 కిలోల ఎండుగడ్డి కావాలి. ఏడాది పొడవునా కొనాల్సి వస్తే ఐదున్నర టన్నుల దాకా అవుతుంది. కరువు వచ్చిన ఏడాది గడ్డి ధర ఎంతకు పోతుందో మీకు నేను చెప్పాలా?

విలువ పెరుగుతుందనే నమ్మకం ఎక్కడికి దారి తీస్తుందో అమెరికా చూసింది. అక్కడికి 1984లో అల్పాకాల దిగుమతి మొదలైంది. 1998 తర్వాత బయటి నుంచి తెచ్చినవాటిని వంశావళి పుస్తకంలో చేర్చుకోవడం ఆపేశారు. ఉన్నవే కొద్ది, కొనేవాళ్లు ఎక్కువ కావడంతో ధరలు ఆకాశానికెక్కాయి. అయితే కొనేవాళ్లలో ఎక్కువమంది ఉన్ని అమ్ముకునేవాళ్లు కాదు, పిల్లల్ని తర్వాత వచ్చే కొత్తవాళ్లకు అమ్ముదామనుకున్నవాళ్లు. ఉన్ని మీద వచ్చే రాబడి ఆ ధరలకు ఏ మాత్రం సరిపోదని 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ ఆర్థికవేత్తలు సాయిటోన్, సెక్స్‌టన్ లెక్కగట్టి చూపారు. 2008 మాంద్యం తర్వాత కొత్తవాళ్లు రావడం తగ్గింది, ధరలు కూలాయి. మేత పెట్టలేక ఊరికే ఇచ్చేసినవాళ్లూ ఉన్నారు. మీకు అమ్ముతామంటున్న పెంపకందారు మంచివారే కావచ్చు. కానీ ఆయన దగ్గర మీరు కొంటే, మీ దగ్గర ఎవరు కొంటారు? ఆ పేర్లు రాయగలిగితే అప్పుడు మాట్లాడుకుందాం.

ఉన్ని సంగతికి వద్దాం. ఒక్కో అల్పాకా నుంచి ఏడాదికోసారి రెండు నుంచి నాలుగు కిలోల బొచ్చు వస్తుంది. దానిలో వీపు, పక్కల మీది భాగమే మేలైనది. మెడ, కాళ్ల బొచ్చు ముతక. ముడిబొచ్చును టోకున అమ్మితే పెరూ మందలతో పోటీ పడాలి. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ అల్పాకాలు ఆ దేశంలోనే ఉన్నాయి. ఆ పోటీలో 14 అల్పాకాల మంద నెగ్గదు. మీకు మిగిలిన దారి నూలు వడికించి, అల్లేవాళ్లకు నేరుగా అమ్మడం. చిన్న మిల్లు కిలోకింత చొప్పున తీసుకుంటుంది, నెలల తరబడి వేచి ఉండాలి. అయినా మీ లెక్కల్లో లాభం చూపిన ఒకే ఒక్క వరుస అదే: కిందటేడు అమ్మిన నూలు. చిన్న మొత్తమే, కానీ మళ్లీ వచ్చి కొన్నవాళ్లున్నారని రాశారు. దాన్ని పెంచండి. కత్తిరించిన రోజే ఏ జంతువు బొచ్చు ఆ సంచిలో వేసి, పేరు, బరువు రాసి పెట్టుకుంటే ఏది తన మేత ఖర్చులో ఎంత వెనక్కి ఇస్తోందో తెలుస్తుంది.

రిబ్బన్ గురించి మీరు ఎంతో సంతోషంగా రాశారు, ఆ సంతోషాన్ని నేను తగ్గించను. అయితే దాన్ని ఆదాయంగా మాత్రం రాయకండి. ఆ తరగతిలో ఎన్ని జంతువులు పోటీ పడ్డాయి? ప్రదర్శనలో వయసు, రంగు, ఆడ, మగ అంటూ విడదీస్తారు కాబట్టి ఒక్కోసారి బరిలో రెండో మూడో ఉంటాయి. మూడింటిలో మొదటిదానికీ, పన్నెండింటిలో మొదటిదానికీ అదే రిబ్బన్. ఇంకో సంగతి, మీ పోతుకు ఏడాది వయసే. అల్పాకా బొచ్చు వయసుతో ముతకబారుతుంది. మేత పుష్కలంగా పెట్టినా పోగు లావెక్కుతుంది, కాబట్టి ప్రదర్శన కోసం బాగా మేపేవారికే ఇది ఎదురు తిరుగుతుంది. నాలుగో ఏటా ఆ సన్నదనం నిలిస్తేనే వాడి గొప్ప. పైగా పోతులు జత కట్టే వయసుకు వచ్చేది రెండు మూడేళ్లకు. వాడికి పుట్టిన పిల్లలను చూశాకే బయటివాళ్లు విత్తనపు రుసుము ఇస్తారు. అప్పటిదాకా మీ పట్టికలో వాడి వరుస సున్నా.

ప్రదర్శనకు అయ్యే ఖర్చు రుసుముతో ఆగదు. పశువైద్యుని ధ్రువపత్రం, రక్తపరీక్షలు, బండి, బస, సెలవు పెట్టిన రోజుల జీతం, ఆ రోజుల్లో మందను చూసే మనిషికి ఇచ్చేది, తిరిగొచ్చాక రెండు మూడు వారాలు ఆ జంతువులను వేరుగా ఉంచే పని, అన్నీ కలపండి. వీటిని ప్రచార ఖర్చు కింద రాసి, కిందటేడు నూలు మీద వచ్చినదానిలో పదో వంతు దాటకూడదని హద్దు పెట్టుకోండి. బొచ్చు ప్రదర్శనలయితే కత్తిరించిన ఉన్నిని సంచిలో పంపితే చాలు, జంతువు కదలక్కర్లేదు. ఏడాదికి ఒక్కసారి మాత్రం బరిలోకి వెళ్లండి. ఏ జంతువు ఎందుకు ముందుందో, ఎందుకు వెనకబడిందో న్యాయనిర్ణేత అందరి ముందూ చెబుతారు. అంత చవకగా నిపుణుడి సలహా మరెక్కడా దొరకదు.

మీరు వెంటనే చేయగలిగిన పెద్ద పొదుపు వేరే ఉంది: వచ్చే ఏడాది జత కట్టించకండి. అల్పాకా ఆడవాటికి ఆవుల్లా ఎద చక్రం ఉండదు, జత కట్టాకే అండం విడుదలవుతుంది. పోతులు వేరే కంచెలో ఉన్నంతకాలం చూలు దానంతటది రాదు. చూలు నిలిచిందో లేదో చూడటానికి మీరు పోతును దగ్గరికి తీసుకెళ్తారు. నిలిచిన ఆడది చెవులు వెనక్కి పెట్టి, తల ఎత్తి, ఉమ్మి తరిమేస్తుంది. ఆ పరీక్షకు పైసా ఖర్చు లేదు. దాని తర్వాత పుట్టే పిల్లకు మాత్రం ఇరవై ఏళ్ల ఖర్చు ఉంది. ముందుగా మాట ఇచ్చిన కొనుగోలుదారు ఉన్నప్పుడో, ముసలిదైన ఆడదాని స్థానం భర్తీ చేయాల్సినప్పుడో జత కట్టించండి. రిబ్బన్ పోతును ఉంచుకుని, మిగతా నాలుగింటికీ వయసు చూసి విత్తులు తీయించి, జంటలుగా అమ్మండి. ఒంటరిగా ఒక్కటే కావాలనేవారికి ఇవ్వకండి, మంద లేకపోతే అల్పాకా బెంగపెట్టుకుంటుంది. తక్కువకే పోతాయి, పోనివ్వండి. ఆ రోజు వచ్చే ధర కన్నా తగ్గే గడ్డి పద్దు మీకు ముఖ్యం.

ఒత్తైన బొచ్చు కింద అల్పాకా బక్కచిక్కిన సంగతి కంటికి కనబడదు; వేళ్లు దూర్చి వెన్నెముకను తడిమి చూడాలి. ఇంటి లెక్కలనూ అలా తడిమి చూసేందుకు మందకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి. జీతాల నుంచి నెలకు ఒకే మొత్తం, ఇప్పుడు పోతున్న ఐదో వంతు కాకుండా పదో వంతు, అందులోకి వెళ్లాలి. నూలు, అమ్మకాల డబ్బూ అక్కడికే రావాలి. దానిలో ఆరు నెలల గడ్డి ఖర్చుతో పాటు ఒక కష్టపు ఈతకు సరిపడా డబ్బు ఎప్పుడూ ఉండాలి. శస్త్రచికిత్స చేసి పిల్లను తీయడం, పుట్టిన మొదటి రోజు ముర్రుపాలు అందని పిల్లకు ప్లాస్మా ఎక్కించడం, ఇలాంటివి చెప్పి రావు. ఇంటి అత్యవసర నిధిని దీనితో కలపకండి.

ఉద్యోగం మానడం గురించి ఇప్పుడే తేల్చనక్కర్లేదు. ఆ ఖాతా రెండు కత్తిరింపుల కాలం జీతం సాయం పదో వంతు దాటకుండా నడిస్తే, వారంలో ఒక రోజు సెలవు తీసుకునే ఏర్పాటు అడగండి. మానేయడం గురించి ఆ తర్వాత లెక్కలతో మళ్లీ రాయండి. ఈసారి పట్టికలో జంతువుల విలువ గడి ఖాళీగా వదిలేసి, అమ్మినవాటి రసీదులు మాత్రం జతచేయండి.