సమాధానం: రివర్బ్ ఫుల్లుగా పెట్టినా సర్ఫ్ గిటార్ సౌండ్ రావట్లేదా?

గిటార్ యాప్‌లో హాల్ రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టుండే ప్రతిధ్వని) చివరిదాకా తిప్పి డిక్ డేల్ 'మిసిర్లూ' వాయిస్తే అంతా కలగాపులగమవుతోంది, 1960ల నాటి అమెరికన్ సర్ఫ్ సంగీతంలోని ఆ తడి సౌండ్ మాత్రం రావట్లేదు అన్నారు కదా. ముందు హాల్ తీసేసి స్ప్రింగ్ రివర్బ్ (స్ప్రింగుల అదురుతో పుట్టే ప్రతిధ్వని) పెట్టండి.

గిటార్ కంపెనీ ఫెండర్ 1961లో తెచ్చిన రివర్బ్ యూనిట్ విడిగా ఉండే పెట్టె. గిటార్ సిగ్నల్ ముందు అందులోకి వెళ్లి, స్ప్రింగులను అదిరించి, ఆ తర్వాతే యాంప్‌కి (శబ్దం పెంచే యాంప్లిఫైయర్‌కి) చేరేది. మీ యాప్‌లో కూడా రివర్బ్‌ని యాంప్ బ్లాక్‌కి ముందుకు జరపండి. చాలామంది వెనక పెట్టేస్తారు, అక్కడే తేడా కొడుతుంది. డ్వెల్ (స్ప్రింగులకు వెళ్లే సిగ్నల్ బలం) బాగా పెంచండి, మిక్సర్ (అసలు శబ్దంలో కలిసే రివర్బ్ పాలు) సగం దాటనివ్వకండి. శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ అసలొద్దు. బ్రిడ్జి పికప్ (తీగలు ఆనే బ్రిడ్జి పక్కన, వాటి అదురును పట్టే భాగం) పెట్టి, అరచేతి అంచు బ్రిడ్జి మీద ఆనించి గట్టిగా మీటితే నీటిచుక్కలు రాలినట్టు వినిపిస్తుంది.

అయితే మీరు ఎంచుకున్న పాటే ఇబ్బంది. సర్ఫ్ గిటార్‌కి పేరుమోసిన డిక్ డేల్ సౌండ్ రివర్బ్ మీద నిలబడింది కాదు; ఆయన 1961 నాటి 'లెట్స్ గో ట్రిప్పిన్'లో రివర్బే లేదు. ఆయన బలమంతా లావు తీగల్లో, మణికట్టులో ఉంది. తూర్పు మధ్యధరా ప్రాంతపు పాత బాణీ 'మిసిర్లూ'ని, తండ్రివైపు లెబనాన్ మూలాలున్న డేల్, 1962లో పిక్‌ని పైకీ కిందికీ తెగ పరిగెత్తించి వాయించాడు. దానికి రివర్బ్ తగ్గించి, మెట్రోనోమ్‌తో (తాళం కొట్టే పరికరంతో) నిదానంగా మొదలుపెట్టండి. (వీడియోలు చూసి ఆయన వేళ్లు అనుకరించకండి. ఎడమచేతివాటం, పైగా తీగలు తలకిందులు!)

తడి సౌండే కావాలంటే చాంటేస్ బృందం వాయించిన, 1963లో హిట్టయిన 'పైప్‌లైన్' పట్టుకోండి. తీగలు 9 గేజ్ (మందం) అయితే 11కి మార్చండి, నెక్ మాత్రం మళ్లీ సెట్ చేయించుకోవాలి.