బీచికి దగ్గర్లో మేడమీద పూలు: ఏవి పెంచాలి, ఎలా గుర్తుపట్టాలి, ఎప్పుడు ఫోటో తీయాలి?

మీరడిగింది ఇదీ: విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో సముద్రం వైపు ఫ్లాట్‌లోకి కొత్తగా వచ్చారు. మేడమీద కాస్త జాగా ఉంది. పూలమొక్కలు పెంచాలని, వాటి పేర్లు తెలుసుకోవాలని, ఫోన్‌తోనే మంచి ఫోటోలు తీయాలని సరదా. కానీ మొక్కలమ్మేవాళ్ళు చెప్పేది ఒక పేరు, ఫోన్‌లో యాప్ చూపించేది ఇంకో పేరు. ఫోటోలేమో అన్నీ ఒకేలా చప్పగా ఉంటున్నాయి.

నేనుండేది ఎం.వి.పి. కాలనీలో. రిటైరయ్యాక మేడంతా కుండీలతో నింపేశాను, బట్టలారేసుకోవడానికి చోటు లేదని ఇంట్లో ఇప్పటికీ సణుగుతారు. నేను చెప్పేది ఒక్కటే: అరుదైన మొక్కల జోలికి పోకండి, వేళ పట్టి పూసే మామూలు పూలు పెంచండి. పార్కులో పూవుని మనం వెళ్ళిన టైముకి చూస్తాం. ఇంట్లో పూవునైతే అది విచ్చే టైముకి చూస్తాం. పేరు పోల్చుకోవడానికైనా, ఫోటో కుదరడానికైనా ఆ వేళ తెలియడం చాలా పనికొస్తుంది.

రాధామనోహరం తీసుకోండి. పొద్దు గూకే వేళకి విచ్చుకుంటుంది. అప్పుడది తెలుపు. సన్నటి పొడుగాటి గొట్టం, చివర అయిదు రేకులు, మంచి వాసన. ఆ తెలుపూ ఆ వాసనా రాత్రి తిరిగే పెద్ద రెక్కల పురుగుల కోసం. గొట్టం అడుగున ఉన్న తేనె వాటి పొడుగు తొండానికే అందుతుంది. మర్నాటికి పూవు గులాబీ రంగుకి తిరుగుతుంది, ఆ తర్వాత ఎర్రబడుతుంది. అప్పుడు పగటి పూట తేనెటీగలు, పిట్టలు వస్తాయి. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనబడేసరికి, రెండు మూడు రకాల తీగలు కలిపి పాకించానేమో అనుకుంటారు మా ఇంటికొచ్చినవాళ్ళు. మీరు చేయాల్సిందల్లా ఒక గుత్తికి దారం కట్టి, నేలమీద సుద్దతో గీత గీసుకుని, ఆ గీత మీదే నిలబడి సాయంత్రం ఒకటి, మర్నాడు పొద్దున్న ఒకటి, మూడోనాడు ఒకటి ఫోటో తీయడం. విడివిడిగా ఏ ఫోటో గొప్పగా రాకపోయినా పరవాలేదు, మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

అలాగే చంద్రకాంత. సాయంత్రం నాలుగు దాటాక మెల్లగా విచ్చుకుని, మర్నాడు ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. నాచుగులాబీది దీనికి తిరగేసిన లెక్క: ఎండ పడితేనే తెరుచుకుంటుంది, మబ్బు పట్టిన రోజు మొగ్గల్లాగే ఉండిపోతుంది. పారిజాతం రాత్రి పూసి తెల్లారేలోపు రాలిపోతుంది కాబట్టి, చెట్టు మీద పూవు ఫోటో కావాలంటే చీకట్లోనే లేవాలి. మందారం ఒక్క రోజు ముచ్చట. గంగరావి అయితే పొద్దున్న పసుపు, వాడేసరికి ఎరుపు. అది చెట్టు, కుండీలో పెట్టకండి, మన తీరంలో రోడ్ల పక్కనే కనబడుతుంది.

ఇక పెంచడం. మీ ఇంటికి అసలు ఇబ్బంది ఉప్పుగాలి. సముద్రం వైపు పిట్టగోడ దగ్గర కాగితపూలు, గన్నేరు, బిళ్ళగన్నేరు, దేవగన్నేరు, నాచుగులాబీ వరసగా పెట్టండి. ఇవి ఉప్పుని ఓర్చుకుంటాయి, వెనకాల మొక్కలకి అడ్డుగా ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్ళో ఆకన్నది మిగల్లేదు, మిగిలిందీ మాడినట్టయింది. తర్వాత మా మేడమీద ముందుగా చిగురేసినవి కాగితపూలు, గన్నేరే. మల్లె, మందారం, నందివర్ధనం, కనకాంబరం రెండో వరసలో పెట్టుకోవచ్చు. గాలి బాగా వీచిన రోజు సాయంత్రం ఆకుల మీద మంచినీళ్ళు చిలకరించి కడిగితే చాలు. గులాబీలు పెంచొద్దనను గానీ, మొదటి ఏడాది వద్దు. అవి అడిగే చాకిరీకి ఉన్న ఉత్సాహం కాస్తా అయిపోతుంది.

తోపుడుబండ్ల మీద వచ్చే మొక్కలు, ఇక్కడి నర్సరీల్లో మొక్కలు చాలావరకు తూర్పుగోదావరి జిల్లా కడియం నుంచి వచ్చేవే. వాటి వేళ్ళ చుట్టూ గోదావరి బంకమట్టి ముద్ద గట్టిగా అంటుకుని ఉంటుంది. దాన్ని అలాగే తెచ్చి మన ఎర్రమట్టిలో పెడితే, పోసిన నీళ్ళు ముద్ద పక్కనుంచి జారిపోతాయి, లోపల వేళ్ళు ఎండుతూనే ఉంటాయి. మట్టి తడిగానే ఉంది, మొక్క ఎందుకు వాడిందో తెలియక తల పట్టుకుంటాం. ముద్దని కాసేపు బకెట్టు నీళ్ళలో నానబెట్టి, అంచుల్లో మట్టి చేతివేళ్ళతో మెల్లగా విడదీసి, అప్పుడు నాటండి. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు, గుప్పెడు వేపపిండి కలిపితే కుండీకి సరిపోతుంది. మందారానికి పిండినల్లి పట్టడం ఖాయం. కనబడిన రోజే నీళ్ళు ఎగజిమ్మి కడిగేసి, సబ్బునీళ్ళలో కాస్త వేపనూనె కలిపి కొట్టండి. కాగితపూలకి నీళ్ళు ఎక్కువైతే ఆకే వస్తుంది. కాస్త దాహంతో ఉంచితే విరగబూస్తుంది. చామంతి కుండీని వీధిదీపం వెలుగు పడేచోట పెట్టకండి. రాత్రులు పొడుగైతేనే అది మొగ్గ తొడుగుతుంది, దీపం వెలుగు దాని లెక్క తప్పిస్తుంది. మల్లెకి చలికాలంలో నీళ్ళు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసేస్తే వేసవికి పూత బాగుంటుంది. పచ్చగన్నేరు మాత్రం పసిపిల్లలున్న ఇంట్లో వద్దు, గింజలు విషం. మామూలు గన్నేరూ విషమే, పిల్లల చేతికందకుండా పెట్టుకోండి.

పేర్ల సంగతికి వద్దాం, మీరు ఎక్కువ చిరాకు పడింది అక్కడే. ఈమధ్య మా వీధిలోకొచ్చిన బండాయన్ని ఒక మొక్క చూపించి అడిగాను.

"ఏం మొక్క బాబూ ఇది?"

"నందివర్ధనం అమ్మా. నీల్లోసుకుంటే సాలు, యేడాదంతా పూస్తాది."

ఆయన చెప్పింది నిజమే. అదే మొక్కకి యాప్ 'క్రేప్ జాస్మిన్' అని చూపించింది. ఆ పేరు చూసి దాన్ని మల్లెజాతిలో కలిపేసేవాళ్ళున్నారు. ఒక ఆకు తుంచి చూడండి: నందివర్ధనానికి పాలు కారతాయి, మల్లెకి కారవు. పూవుని ఎదురుగా చూస్తే రేకులన్నీ ఒకే వైపుకి మెలితిరిగి, ఒకదాని అంచు పక్కదాని మీదకి ఎక్కి ఉంటాయి. గన్నేరులోనూ బిళ్ళగన్నేరులోనూ దేవగన్నేరులోనూ అదే తీరు, ఎందుకంటే ఇవన్నీ ఒక్క కుటుంబమే. పాలు ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, కళ్ళు నులుముకోకండి.

ఇలా కుటుంబం పోలిక పట్టుకోవడం అలవాటైతే పేరు సగం దొరికినట్టే. బెండపూవుని మందారం పక్కన పెట్టి చూడండి. నడిమధ్య నుంచి లేచిన కాడ, దాని చుట్టూ పుప్పొడి మోసే కేసరాలు, విడిగా ఉన్న అయిదు రేకులు. పత్తిపూవూ గంగరావిపూవూ అంతే. మరి ముద్దమందారంలో ఆ కాడ ఎక్కడుందని అడుగుతారు. అందులో కేసరాలే చాలావరకు రేకులైపోయాయి. విప్పి చూస్తే సగం రేకూ సగం కేసరమూ అయినవి దొరుకుతాయి. కాగితపూలలో రంగురంగులుగా కనబడేవి పూరేకులు కావు, పూవుని కాసే ఆకులు. వాటి మధ్య అగ్గిపుల్లంత సన్నగా నిలబడ్డ తెల్లటి గొట్టాలే అసలు పూలు. ఫోటో తీసేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది ఫోకస్ రంగుల మీద పెట్టి పూవుని వదిలేస్తారు.

యాప్‌ని తిట్టుకునే ముందు దానికి మనం ఏం చూపిస్తున్నామో చూడాలి. ఎదురుగా తీసిన ఒక్క పూవు ఫోటో సరిపోదు. పూవు ఎదురుగా, పూవు పక్కనుంచి తొడిమతో సహా, ఆకులు కాండానికి ఎదురెదురుగా ఉన్నాయో ఒకటి విడిచి ఒకటి ఉన్నాయో తెలిసేలా కొమ్మ, ఆకు అడుగుభాగం, కాయ ఉంటే కాయ, ఆఖరికి మొక్క మొత్తం కావాలి. ఇది కొత్త పద్ధతేం కాదు. మన విశాఖపట్నంలోనే 1780లలో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఉండేవాడు, పాములూ చేపలూ మొక్కలూ సేకరించేవాడు. ఈస్టిండియా కంపెనీ ఆయన్ని ఈ తీరానికి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పెట్టుకుంది. ఆయన తర్వాత ఆ పని సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్‌కి వచ్చింది. రాక్స్‌బర్గ్ ఇక్కడి చిత్రకారుల చేత వేయించిన మొక్కల బొమ్మలు 1795 నుంచి లండన్‌లో అచ్చయ్యాయి. వాటిని చూస్తే ఒకే కాగితం మీద పూసిన కొమ్మ, కింద మూలలో పూవుని విప్పి విడివిడిగా పెట్టిన భాగాలు, కాయ, గింజ ఉంటాయి. కొమ్మ చూసి అందమనుకుంటాం, మూలనున్న ముక్కలు చూసి పేరు తేలుస్తాం. మీ ఫోన్‌లో కూడా ఒక్కో మొక్కకి అలాంటి ఒక ఫోల్డరు పెట్టుకోండి.

సింహాచలం సంపెంగలు కొండమీద కొనుక్కొచ్చి ఫోటో తీసి "ఇదేం పూవు" అని అడిగేవాళ్ళు కూడా ఉంటారు. ఆ వాసనకి పేరు చెప్పలేని విశాఖవాసి ఉంటాడా! కానీ యాప్‌కి వాసన తెలియదు కదా, ఆకూ కొమ్మా లేని పూవుతో అది తికమక పడుతుంది. సంపెంగని చూసేటప్పుడు ఒకటి గమనించండి: రేకులకి వెలుపల పచ్చటి రక్షకపత్రాలు విడిగా కనబడవు, అన్నీ రేకుల్లాగే ఉంటాయి.

బ్రహ్మకమలం సంగతి చెప్పకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. మేడలమీద రాత్రి పూసేది మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్. ఆకుల్లా కనబడేవి దాని కాండాలే, మొగ్గ వాటి అంచు నొక్కుల్లోంచి వస్తుంది. ఉత్తరాఖండ్ రాష్ట్రపుష్పం బ్రహ్మకమలం వేరు. అది హిమాలయాల్లో చాలా ఎత్తున, చలిలో పెరుగుతుంది, పొద్దుతిరుగుడు కుటుంబానిది. విశాఖలో అది పెరగదు, ఎవరైనా అమ్మజూపితే డబ్బులివ్వకండి. కాక్టస్ బ్రహ్మకమలం మాత్రం హాయిగా పెరుగుతుంది. వేలాడే మొగ్గ మెడ పైకెత్తి ఉబ్బితే ఆ రాత్రే పూస్తుందన్నమాట. తొమ్మిదింటికి తెరుచుకోవడం కనబడుతుంది, అర్ధరాత్రికి నిండుగా ఉంటుంది, తెల్లారేసరికి వేలాడిపోతుంది. ఫోన్ ఫ్లాష్ వేస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా పేలిపోతుంది. టార్చికి తెల్లటి చేతిరుమాలు కప్పి పక్కనుంచి పట్టించండి, రేకుల మీద గీతలు కూడా తెలుస్తాయి. మా ఇంట్లో టార్చి డ్యూటీ మా మనవరాలిది. "అమ్మమ్మా, చెయ్యి నొప్పి" అన్నాక ఇంకో నాలుగు ఫోటోలు తీస్తాను.

పగటి ఫోటోలకి మన ఊళ్ళో రెండు విషయాలు పట్టించుకుంటే చాలు, ఒకటి గాలి, రెండోది తేమ. ఎండ ముదిరేకొద్దీ సముద్రపు గాలి లేస్తుంది, పూవు ఊగుతుంది, ఫోటో చెదురుతుంది. అందుకే పొద్దున్నే తీయాలి. మే నెలాఖరులో అయిదున్నర కాకముందే సూర్యుడు సముద్రంలోంచి వచ్చేస్తాడు, జనవరిలో ఆరున్నర అవుతుంది. ఆ తొలి గంటలో ఏటవాలు వెలుగు రేకుల వెనకనుంచి పడేలా నిలబడితే కనకాంబరం కూడా దీపంలా కనబడుతుంది. ఇక తేమ: ఏ.సి. గదిలోంచి ఫోన్ పైకి తెస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది, కాసేపు ఆగండి. సముద్రం పక్కనున్న ఇంట్లో లెన్సుకి ఉప్పుతేమ పొర కూడా పడుతుంది. ఫోటోలు చప్పగా ఉన్నాయన్నారు చూడండి, నా అనుమానం దాని మీదే. మెత్తటి గుడ్డతో తుడిచి ఒకటి, తుడవకుండా ఒకటి తీసి చూడండి.

ఎర్రమందారం, తెల్లనందివర్ధనం రెండూ ఫోన్‌ని బోల్తా కొట్టిస్తాయి. ఎరుపు ముద్దగా వస్తుంది, తెలుపు వెలిసిపోతుంది. పూవు మీద వేలితో తాకి, వెలుతురు గుర్తుని కిందికి జరిపి కాస్త చీకటి చేయండి, గీతలు బయటపడతాయి. నీలం శంఖుపుష్పం ఊదాగా వస్తే అది మీ తప్పు కాదు, చాలా కెమెరాల్లో అంతే. ఎండలో కాక నీడలో తీసి, తర్వాత రంగు సరిచేసుకోండి. మరీ దగ్గరికి వెళ్ళి ఫోకస్ కోసం తంటాలు పడేకంటే ఒక అడుగు వెనక్కి జరిగి రెండింతల జూమ్‌తో తీస్తే వెనకాల నీళ్ళ ట్యాంకు, పైపులు కూడా మసకబారతాయి. అవి మరీ కనబడుతుంటే నల్లగొడుగు తెరిచి వెనక పెట్టండి.

మీ మేడమీద లేని మొక్కలు చూడాలంటే పెదవాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆస్పత్రి ఆవరణలోని జీవవైవిధ్య ఉద్యానానికి ఒక పొద్దున్న వెళ్ళండి. కైలాసగిరిలో పూలు కనిపిస్తాయి గానీ సెలవురోజుల్లో జనం మధ్య నిలబడి ఫోటో తీయడం నా వల్ల కాదు.

కెమెరా కొనాలా అనడిగారు. ఇప్పుడే వద్దు. ఫోన్‌కి తగిలించే చిన్న మాక్రో లెన్సు ఒకటి చాలు, కాగితపూల మధ్యనున్న ఆ తెల్లగొట్టాలు నిండుగా కనబడతాయి. ఆ డబ్బుతో ముందు రాధామనోహరం, చంద్రకాంత, నందివర్ధనం, ఒక నాటుమందారం తెచ్చుకోండి. వానలు మొదలయ్యాక నాటితే తేలిగ్గా బతుకుతాయి.